గిన్నె నాణెం

మా తెనాలిలో బంగారం కొని మెడలో వేసుకోని ఆడదాన్ని తిక్కదాని కింద జమకడతారు. నన్ను అలా జమకట్టి చాలా ఏళ్ళయింది. పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలవాళ్ళు ముందు నా మెడ చూస్తారు, తర్వాత నా మొహం చూస్తారు, ఆ తర్వాత గొంతు తగ్గించి "ఉన్నదంతా డబ్బాలో పెట్టుకుని భూతద్దంతో చూసుకుంటుందంట" అని చెప్పుకుంటారు. నాకు చెవుడు లేదు. వాళ్ళు చెప్పేది అబద్ధమూ కాదు. మెడలో హారం మీరు చూడటానికి, డబ్బాలోది నేను చూసుకోవటానికి అని ఒకావిడకు మొహం మీదే చెప్పాను. అప్పటినుంచి నన్ను పేరంటాలకు పిలవడం కూడా తగ్గించారు.

డబ్బాలో ఉన్నవి పాత బంగారు నాణేలు. గుండ్రంగా, బల్లపరుపుగా, బుద్ధిగా ఉండే నాణేల మీద నాకు పెద్ద మోజు లేదు. వందల ఏళ్ళ కిందట మన దక్షిణాదిన కొన్ని నాణేలను చిత్రమైన పద్ధతిలో కొట్టేవారు. పల్చటి బంగారు బిళ్ళ తీసుకుని, మధ్యలో పద్మం ముద్ర ఒకటి, దాని చుట్టూ సింహం, శంఖం, శ్రీకారం ముద్రలు ఒక్కొక్కటే సుత్తితో వేసేవారు. దెబ్బ పడినప్పుడల్లా అంచు కాస్త పైకి లేచేది. ముద్రలన్నీ అయ్యేసరికి బిళ్ళ కాస్తా చిన్న గిన్నె అయ్యేది. వాటిని పద్మటంకాలంటారు. బొటనవేలి కొన మీద బోర్లిస్తే టోపీ పెట్టినట్టు కూర్చుంటుంది.

ఒక్కో ముద్ర విడివిడిగా, చేత్తో కొట్టినది కాబట్టి ఏ రెండు నాణేలూ ఒకేలా ఉండవు. ఒకదాంట్లో సింహం పక్కకు ఒరిగిపోతుంది, ఒకదాంట్లో శ్రీకారం సగం అంచు దాటిపోతుంది. ఆ చేతులు ఎవరివో తెలియదు గానీ, వాళ్ళ కునుకుపాట్లు, విసుగులు ఇప్పటికీ కనిపిస్తాయి. నాకు వాటి మీద ఉన్న ప్రేమంతా ఆ వంకరల మీదే.

ఈ తిక్కలో నాకు తోడు బాపట్లలో ఒక మాస్టారు ఉన్నారు. కాలేజీలో నేలల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నాకంటే పెద్దవారు, నాకంటే పట్టుదల ఎక్కువ. తన దగ్గరున్న నాణెం నా చేతికి ఇవ్వరు. ఫోటో తియ్యనివ్వరు. "చూడు, ముట్టుకోకు" అంటారు. ఆయన భార్యను నేను అక్కయ్యగారు అని పిలుస్తాను. మా ఇద్దరి మాటలూ విని ఆవిడ నవ్వుకుంటూ టిఫిన్ పెట్టేది. ఆవిడకు నాణేల గోల పట్టదు. బంగారం అయితే చాలు.

మా ఇద్దరికీ పద్మటంకం తెచ్చిచ్చింది ఒకే మనిషి. చీరాల నుంచి చీరల మూటతో వచ్చేవాడు. మూటలో అడుగున పట్టుచీర మడతలో నాణెం ఉండేది. పేరు నాకు ఒకటి చెప్పాడు, మాస్టారుకు ఇంకొకటి చెప్పాడు. పాత వస్తువులు అమ్మేవాళ్ళకు ఇది మామూలేనని మేం పట్టించుకోలేదు. నా దగ్గరికి ముందు వచ్చాడు, కొన్నాళ్ళకు మాస్టారు దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరికీ ఒకే కథ చెప్పాడు. ఎక్కడో చెరువు పూడిక తీస్తుంటే దొరికాయని, దొరికినాయన ఏడాది తిరక్కుండా పోయాడని, ఆ ఇంట్లోవాళ్ళు భయపడి వదిలించుకుంటున్నారని. దొరికిన మనిషి చచ్చిపోవడం అనేది సరుకు గిరాకీ పెంచడానికి చెప్పే మాట అని నాకు తెలుసు. తెలిసినా నాణెం చేతిలోకి తీసుకోగానే వేళ్ళు చల్లబడ్డాయి. నాణెం కాస్త మందంగా ఉంది. ఇదేదో అరుదైన రకం అని మురిసిపోయి కొనేశాను.

మాస్టారుగారి అమ్మాయిని రేపల్లె ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కంది. బారసాలకు నన్ను పిలిచారు. పేరంటాలకు పిలవకపోయినా బారసాలకు పిలిచేవాళ్ళు ఉన్నందుకు సంతోషించి, మంచి చీర కట్టుకుని బాపట్ల వెళ్ళాను. అక్కడ చూసింది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అక్కయ్యగారు సానరాయి ముందు కూర్చుని, తల్లిపాలు నాలుగు చుక్కలు వేసి, వసకొమ్ము అరగదీస్తోంది. పిల్లలకు మాటలు త్వరగా రావాలని మన వైపు వస పోస్తారు కదా. దాంతోపాటు తెలివి కోసం బంగారం కూడా అరగదీస్తారు. అందరిళ్ళలో ఉంగరమో, గొలుసు కొసో రాస్తారు. అక్కయ్యగారు రాస్తున్నది పద్మటంకం.

"అదేం పనండీ అక్కయ్యగారూ. అన్ని వందల ఏళ్ళ నాణెం. అరిగిపోదా" అన్నాను. నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

"అరిగితే అరుగుద్దిలే. ఇవాళ్టి బంగారంలో సగం రాగే గదా. దీంట్లో కల్తీ ఉండదని మీ మాస్టారే చెప్పారు" అంది. మాస్టారు పక్కనే నిలబడి గర్వంగా తలూపారు. నన్ను ముట్టుకోనివ్వని నాణేన్ని మనవరాలి కోసం సానరాయికి ఇచ్చేశారన్నమాట. నాకు ఒళ్ళు మండింది. అరగదీసిన గంధాన్ని ఆవిడ ఆ నాణెంలోకే తీసింది. ఉగ్గుగిన్నె చేయించినట్టే సరిపోయింది. అందులో వేలు ముంచి పసిదాని నాలుకకు రాసింది. పిల్ల చప్పరించింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎవరో ఫోటోలు తీసి అందరికీ పంపారు.

నవ్వనిది ఒక్కరే. అమ్మాయి అత్తగారు, రేపల్లె నుంచి వచ్చినావిడ. చెరువు కథ మాస్టారు సరదాగా చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది. "దొరికిన బంగారం ఊరికే ఉండదండి. మనిషిని అడుగుద్ది. దాన్ని పసిబిడ్డ నోట్లో పెడతారేంటి వదినగారూ" అంది. అక్కయ్యగారు నొచ్చుకుంది. మా పుట్టింటి సంబరంలో ఈవిడ అపశకునం పలుకుతుందేంటి అన్నట్టు మొహం తిప్పుకుంది. నేను కూడా ఆవిడను మూఢురాలి కింద కొట్టిపారేశాను. భోజనాలయ్యాక పసిదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను గానీ, నా చూపంతా సానరాయి పక్కన బోర్లించి ఉన్న నాణెం మీదే ఉంది. వెనక వైపు ఒకచోట నునుపు పోయి గరుకుగా ఉంది. అయ్యో అనుకున్నాను. నాణెం కోసమే అనుకున్నాను.

తర్వాత అమ్మాయి పిల్లతో అత్తగారింటికి వెళ్ళింది. నాణెం కూడా పిల్ల వెంటే వెళ్ళిందని విన్నాను. మాస్టారు మధ్యమధ్య ఫోన్ చేసేవారు. పిల్ల బోర్లాపడిందని ఒకసారి చెప్పారు. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ లేనట్టు మాట దాటేసేవారు. ఒకరోజు పొద్దున ఫోన్ చేశారు.

"చంటిదానికి ఒంట్లో బాగుండటం లేదమ్మా. పాలు తాగటం లేదు. తాగినా కక్కేస్తోంది. కడుపునొప్పి అనుకుంటా, ముడుచుకుపోయి ఏడుస్తోంది. కూర్చోవాల్సిన వయసు, తల నిలపటం లేదు. డాక్టరు రక్తం తక్కువుందని టానిక్ రాశాడు. మీ అక్కయ్య వెళ్ళి అక్కడే ఉంది."

"దిష్టి తగిలిందంటారేమో అక్కడివాళ్ళు" అన్నాను, ఏదో అనాలి కాబట్టి.

"అమ్మాయి అత్తగారు ఆ మాటే అంటోంది. మీ అక్కయ్య పట్టించుకోవట్లేదు. నీరసానికి బంగారం మంచిదని పూటకోసారి అరగదీసి పడుతోంది."

ఫోన్ పెట్టేశాక మనసు మనసులో లేదు. పిల్ల బారసాలనాడు ఎంత ముద్దుగా ఉందో ఒకసారి చూద్దామని ఫోన్‌లో ఆనాటి ఫోటో తెరిచాను. బుగ్గలు చూశాను, పెదవులు చూశాను. అలవాటు కొద్దీ చూపు నాణెం మీదికి పోయింది. వేళ్ళతో పెద్దది చేశాను. లోపలి వైపు స్పష్టంగా ఉంది. పద్మానికి ఎడమ పక్క సింహం ఒరిగి ఉంది. దాని తోక మీద శ్రీకారం పడి తోక సగం కనిపించటం లేదు. ఆ సింహాన్ని నేనెరుగుదును. రోజూ భూతద్దంలో చూసే సింహం అది.

డబ్బా తెరిచి నా నాణెం తీసి ఫోన్ పక్కన పెట్టాను. అదే ఒరుగు, అదే తోక, శంఖం కింద అదే చిన్న గాటు. సుత్తి పట్టిన చెయ్యి అలా రెండుసార్లు తప్పదు. రెండూ ఒకే అచ్చులో పోసినవి. పిల్ల సంగతి అప్పటికింకా తట్టలేదు. ముందు వచ్చింది సిగ్గు, తర్వాత కోపం. ఇన్నేళ్ళ నా కళ్ళు ఏమయ్యాయి అని కోపం.

బంగారు కొట్ల వీధిలో నాకు తెలిసిన ఆచారి ఉన్నాడు. నాణెం అతని ముందు పెట్టి కొయ్యమన్నాను.

"పాతది అంటున్నారు. కొయ్యమంటారేంటమ్మా" అన్నాడు.

"కొయ్యి నాయనా" అన్నాను.

కత్తెర సులువుగా దిగింది. బంగారం పైన పొరే. లోపల బూడిద రంగు. ఆచారి ఆ ముక్కను తీసి కాగితం మీద గీశాడు. పెన్సిలుతో గీసినట్టు గీత పడింది. "సీసం అమ్మా. పైన పూత పోశారు" అన్నాడు. నేను ఆ గీతను చూస్తూ ఉండిపోయాను. కాగితం మీద అంత తేలిగ్గా వచ్చింది సానరాయి మీద ఎంత వచ్చి ఉంటుందో అప్పుడు తట్టింది. బారసాలనాడు నేను చూసిన ఆ గరుకు మరక పూత పోయిన చోటు. ఆ తర్వాత ఇన్ని నెలలూ పిల్లకు అరగదీసి పట్టింది సీసాన్నే.

అక్కడి నుంచే మాస్టారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గొంతు చల్లగా ఉంది. "నీది నకిలీ అయి ఉంటుందమ్మా. నువ్వు చూడకుండా కొన్నావు. నేను చూసి కొన్నాను."

"రెండూ ఒకే అచ్చు మాస్టారూ. ఫోటో పంపుతాను చూడండి. ముందు అక్కయ్యగారికి ఫోన్ చేసి ఆపమనండి."

"ఎవరో ఫోన్‌లో తీసిన బొమ్మ చూసి నా నాణెం సంగతి తేలుస్తావా" అని పెట్టేశారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. నాణేలు కూడబెట్టేవాళ్ళం అందరం అంతే. పక్కవాడి డబ్బాలో నకిలీ ఉంటుంది, మన డబ్బాలో ఉండదు. కానీ ఆ పూట ఆయన మీద నాకు వచ్చినంత అసహ్యం ఎవరి మీదా రాలేదు. ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి పంపాను. అక్కయ్యగారి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. రేపల్లెలో మిగతావాళ్ళ నంబర్లు నా దగ్గర లేవు. స్టేషన్‌కు వెళ్ళి రేపల్లె బండి ఎక్కాను.

ఆ బండికి తొందరన్నది తెలియదు. వేమూరులో ఆగింది, భట్టిప్రోలులో ఇంకాసేపు ఆగింది. పొలాల్లో నాట్లు వేస్తున్నారు. పక్క సీటులో చంటిపిల్లాడి తల్లి పాలసీసా మూత తీసి ఒక చుక్క చేతి మీద వేసుకుని నాలికతో చూసి, అప్పుడు పిల్లాడి నోటికి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

వెళ్ళేసరికి ఇల్లంతా చెల్లాచెదురుగా ఉంది. పరుపులు తిరగేసి ఉన్నాయి. బియ్యం డబ్బా వసారాలో కుమ్మరించి ఉంది. మాస్టారుగారి అమ్మాయి పిల్లను భుజాన వేసుకుని తిరుగుతోంది. అక్కయ్యగారు జుట్టు ముడి ఊడిపోయి బియ్యంలో చేతులు పెట్టి వెతుకుతోంది. నన్ను చూసి "పొద్దుటినుంచి నాణెం కనబడటంలేదే. చంటిదానికి ఇవాళ పట్టనేలేదు" అంది. మూలన పీట మీద అత్తగారు వెతక్కుండా కూర్చుని ఉంది.

పిల్లను చూశాను. పెదవులు తెల్లగా పాలిపోయాయి. తల తల్లి మెడ మీద వాలిపోయి ఉంది. ఏడుస్తోంది గానీ గొంతు లేదు. బారసాలనాడు నా ఒళ్ళో ఉన్న పిల్ల ఇదేనా అనిపించింది.

"ఇక పట్టొద్దు అక్కయ్యగారూ. అది బంగారం కాదు, సీసం. నాది కోయించి చూశాను. పిల్లకు జబ్బు దాంతోనే. ఇప్పుడే గుంటూరు తీసుకెళ్ళండి. డాక్టరుకు సీసం అని చెప్పండి, ఆ మాట మర్చిపోవద్దు" అన్నాను.

అమ్మాయి రెండో మాట అడగలేదు. భర్తను కేకేసింది. పిల్లతో కారెక్కి వెళ్ళిపోయారు. అక్కయ్యగారు మాత్రం బియ్యం ముందే కూర్చుండిపోయింది. "నల్లబడితే చింతపండు పెట్టి తోమేదాన్ని. నానబెట్టి మరీ తోమేదాన్ని" అంది. కుడిచేతి వేలు ఎత్తి చూసుకుంది. "ఈ వేలితోనే పెట్టానే" అంది. నేను ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు నాకు నాణెం గుర్తొచ్చింది. ఇంట్లో లేదంటే ఎక్కడో ఉంది. అడిగాను. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున నేనే తీశానండి. కీడు వస్తువుని ఇంట్లో ఉంచకూడదు, అమ్మకూడదు, పారేయకూడదు. ఎవరికైనా దానమిస్తే కీడు దాంతోపాటే పోద్దని మా అత్తగారు చెప్పేది. మా వీధికి చేపలు తెచ్చే మనిషికి ఇచ్చేశాను. మనవడు పుట్టాడంటే వాడి కోసం ఉంచుకోమన్నాను."

అక్కయ్యగారు తలెత్తి ఆవిడ వంక చూసింది. నేను లేచాను. "ఆ ఇల్లెక్కడో చూపించండి" అన్నాను.

చేపలమ్ముకుని ఆవిడ పొద్దువాలితే గానీ ఇల్లు చేరదంటే, సాయంత్రం ఆటోలో ఇద్దరం నిజాంపట్నం దారిన వెళ్ళాం. రొయ్యల చెరువులు దాటాక గాలిలో ఉప్పు తగిలింది. దారిలో మాస్టారు ఫోన్ చేశారు. ఫోటోలు చూశారట. అమ్మాయివాళ్ళు గుంటూరు ఆసుపత్రికి చేరారట. ఆయన గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. రక్తంలో సీసం బాగా ఎక్కువ ఉందన్నారట. మందు మొదలుపెట్టారట. ప్రాణానికి ఫర్వాలేదు గానీ, మాట ఎలా వస్తుందో, నడక ఎలా వస్తుందో పిల్ల పెరిగితే గానీ చెప్పలేమన్నారట. "వస పోశాం గదమ్మా, మాటలు రావాలని" అని ఆగిపోయారు. ఆ పొద్దున ఆయన మీద వచ్చిన అసహ్యం అక్కడే పోయింది. పక్కన అత్తగారు అన్నీ విని కళ్ళు మూసుకుంది.

చేపలమ్మే ఆవిడ ఇల్లు కాలవ గట్టు మీద ఉంది. ముంగిట్లో వలలు ఆరేసి ఉన్నాయి. ఆవిడ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. అప్పుడే స్నానం చేయించినట్టుంది, పసివాడు ఆవిడ కాళ్ళ మీద ఉన్నాడు. ఎడమచేతి వేళ్ళ మధ్య పద్మటంకం ఉంది. దాన్నిండా తేనె పోసింది. వేలు ముంచి వాడి నాలుకకు రాస్తోంది. ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ నాణెం ఆకారమే అంత. చేతిలో పెడితే ఎవరికైనా అందులో ఏదో పోసి పసిపిల్లలకు పెట్టాలనిపిస్తుంది.

నేను గట్టు ఎక్కి ఆ నాణెం లాక్కున్నాను. తేనె నా చీర మీద ఒలికింది. పిల్లాడు కెవ్వుమన్నాడు.

"ఏంటమ్మా ఇది. ఇచ్చింది మళ్ళీ లాక్కుంటారా" అంది ఆవిడ.

"ఇది బంగారం కాదు. లోపల సీసం. పిల్లల కడుపులోకి పోతే ప్రమాదం. వీళ్ళ మనవరాలు దీనివల్లే జబ్బుపడింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. ఎన్నిసార్లు పెట్టావు" అన్నాను.

"ఇదే మొదలు" అంది. కొంగు వేలికి చుట్టుకుని పిల్లాడి నోట్లో పెట్టి నాలుక తుడిచింది. మళ్ళీ తుడిచింది. వాడు ఏడుస్తున్నా ఆగలేదు. వాణ్ణి కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం చూపిద్దామని, ఆటో ఉందని చెప్పాను. ఆవిడ విన్నదో లేదో తెలియదు. తల తిప్పి నా వెనక నిలబడ్డ అత్తగారిని చూసింది.

"పాపకి బాగోలేదని నాకు తెలుసండి. రోజూ గుమ్మంలో అడుగుతూనే ఉన్నాను గదా. పొద్దున ఇచ్చేటప్పుడు, ఇది మంచిది కాదని తెలిసే ఇచ్చారా అమ్మగారూ" అంది.

గొంతు పెంచలేదు. చేపల ధర అడిగినట్టే అడిగింది. అత్తగారు నా వైపు చూసింది. ఆవిడకు సీసం సంగతి తెలియదని, ఇవాళ నేను చెప్పేదాకా ఎవరికీ తెలియదని నేను చెబుతానని ఎదురుచూసింది. అది నిజమే. చెప్పొచ్చు. కాలవ గట్టు మీద చేతిలో జిగటగా ఆ నాణెం పట్టుకుని నిలబడ్డాను గానీ, నేను ఆ మాట చెప్పలేదు.